బ్రాకెట్లో వయసు

మా డెస్కులో ఒక నియమం ఉండేది. పేరు పక్కన బ్రాకెట్లో వయసు లేకుండా ఏ మనిషీ పేజీలోకి ఎక్కకూడదు. బావిలో పడినా, బంగారు పతకం తెచ్చినా అంతే. ఫోన్లో వార్త చెప్పే విలేకరి వయసు చెప్పకపోతే మా సీనియర్ సబ్ ఎడిటర్ అక్కడికక్కడే ఆపేవారు. "వయసు లేనివాడు ఎవడయ్యా, దేవుడా?" అనేవారు. ఆయనే ఇంకో మాట కూడా నేర్పారు. "వయసు అడక్కండి, లెక్కగట్టండి. అడిగితే మనిషి తగ్గించి చెబుతాడు. తుఫాను వచ్చిన ఏడు బడికి వెళ్తున్నాడా, పాలు తాగుతున్నాడా అని అడగండి. వయసు దానంతటదే బయటికొస్తుంది." విజయవాడలో పన్నెండేళ్లు నేనలాగే లెక్కలు కట్టాను. ఒక్కటీ తప్పు పోలేదు. సింగపూర్‌లో కట్టిన లెక్క కూడా తప్పలేదు. దాని గురించే ఇది రాస్తున్నాను.

కంప్యూటర్లకు వై2కె గండం గడిచి, రెండు వేల సంవత్సరం మొదలైన కొద్ది రోజులకే మా ఆవిడకు సింగపూర్‌లో ప్రోగ్రామర్ ఉద్యోగం వచ్చింది. మాతో విమానంలో ఉన్న తెలుగువాళ్లంతా సాఫ్ట్‌వేరే. ఏ తెలుగింటికి భోజనానికి వెళ్లినా మొదటి ప్రశ్న, "మీరు జావానా, మెయిన్‌ఫ్రేమా?" అని. "పేజీ మేకప్ అండీ" అంటే ఒక క్షణం ఆలోచించి, "దానిక్కూడా డిమాండ్ ఉంటుంది లెండి" అని ఓదార్చేవారు. నాలుగు నెలలు ఇంట్లో వంట చేశాను. ఐదో నెలలో, ఇంటర్నెట్‌లో ఆటల వార్తలు పెట్టే ఒక కొత్త కంపెనీలో పని దొరికింది. ఇక్కడి ఫుట్‌బాల్ లీగ్ గురించి ఇంగ్లీషులో రాయాలి. ఆట గురించి నాకు తెలిసింది తక్కువ. స్కోరు, గోల్ పడిన నిమిషం, పేరు, వయసు తప్పు లేకుండా రాస్తానని తీసుకున్నారు.

మా ఫ్లాట్ యీషున్ అనే పేటలో. పది నిమిషాలు నడిస్తే స్టేడియం. సాయంత్రం అయిదింటికి, జట్టులో ఇంకెవరూ రాకముందే, ఒక పొడుగాటి మనిషి ట్రాక్ మీద ఒక్కడే పరుగెత్తుతూ కనిపించేవాడు. వంపు దగ్గర ఎడమ మోకాలిని కొంచెం కాపాడుకుంటూ, తిన్నగా ఉన్నచోట ఆ బాకీ తీర్చుకుంటూ పరుగెత్తేవాడు. ఘనా దేశస్థుడు. బెల్జియంలో, ఫ్రాన్స్‌లో, గ్రీసులో, సైప్రస్‌లో పదేళ్లకు పైగా ఆడి, చివరికి ఇక్కడి లీగ్‌కు వచ్చిన ఫార్వర్డ్. నన్ను పరిచయం చేసుకున్న రోజు నుంచీ పేరుతో పిలవలేదు. "హలో, పేపర్" అనేవాడు. నేను పనిచేసేది ఇంటర్నెట్‌లో అని చెప్పినా వినలేదు.

మ్యాచ్‌లకు జనం పలచగా వచ్చేవారు. గ్యాలరీలో ఎవరేమన్నా మైదానమంతా వినిపించేది. మా వరసలో ఆదివారాలు నాతో కూర్చునేది దగ్గర్లోని షిప్‌యార్డులో వెల్డింగ్ చేసే ఒక నిజామాబాద్ తమ్ముడు. వారానికి దొరికే ఒక్క సెలవునూ అతను ఆ ఘనా మనిషికే ఇచ్చేవాడు.

"ఓ పెద్దన్నా, జర ఉరుకు. గా బాల్ ఏమన్న నీ సుట్టమా, అదే నీ కాడికి వస్తదా?"

ఆయన తిరిగి చూసి బొటనవేలు ఎత్తేవాడు. ఒకరోజు మ్యాచ్ అయ్యాక, "నీ స్నేహితుడు నన్నేమంటాడు?" అని అడిగాడు.

"పరుగెత్తమంటాడు."

"బెల్జియంలోనూ అదే అనేవాళ్లు. కాకపోతే ఇతను నవ్వుతూ అంటాడు."

ఒక శనివారం సాయంత్రం నన్ను హాకర్ సెంటర్‌కు, చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాలుకు, రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి ఒక టేబుల్ మీద టిష్యూ పొట్లం పెట్టి, అన్నం కోసం వరుసలో నిలబడి ఉన్నాడు. ఆ పొట్లం ఉంటే ఆ టేబుల్ జోలికి ఎవరూ రారు. చోప్ చేయడం అంటారు దాన్ని. ప్లేటు తెచ్చుకుని కూర్చుంటూ ఆ పొట్లాన్ని చూసి తల ఊపాడు.

"ఈ ఊళ్లో నాకు నచ్చింది ఇదొక్కటే పేపర్. పొట్లం పెడితే చోటు నీదే. ఐరోపాలో నేనేం పెట్టలేదు చెప్పు. రెండు మోకాళ్లూ పెట్టాను."

ఆ రోజు ఆయనతో ఒక ఫైలు ఉంది. మందంగా, అంచులు అరిగిపోయి, సాగే దారంతో కట్టి ఉంది. విదేశాల్లో ఆడే ప్రతి ఆటగాడి దగ్గరా అలాంటిది ఒకటి ఉంటుందట. కొత్త క్లబ్బుకు ముందు ఫైలు వెళ్తుంది, ఆ తర్వాతే కాళ్లు వెళ్తాయి అన్నాడు. లోపలంతా పేపర్ కటింగులు. ఒకటి బెల్జియం వాళ్ల ఫ్లెమిష్‌లో, రెండోది ఫ్రెంచిలో. గ్రీకు కటింగు ఒకటి బాగా నలిగిపోయి ఉంది. అందులో ఆయన ఫొటో పెద్దది.

"ఇందులో ఏం రాశారు?" అన్నాను.

"నాకూ తెలియదు. అక్షరాలు అందంగా ఉన్నాయి, ఫొటో పెద్దదిగా ఉందని మూడేళ్లు ప్రతి క్లబ్బుకూ చూపించాను. సైప్రస్‌లో ఒక డాక్టర్ చదివి చెప్పాడు. నేను గాడిదబండిలాగా తిరుగుతానని రాశారట."

"మరి తీసేయలేదేం?"

"ఫొటో బాగుంది కదా."

కటింగుల అడుగున, విడిగా ఒక ప్లాస్టిక్ కవరులో, నాలుగు పుట్టినరోజు కార్డులు ఉన్నాయి. చేత్తో బొమ్మలు వేసినవి. ఆయన కూతురు ఎనిమిదేళ్లది, బెల్జియంలో ఒక చిన్న ఊళ్లో తల్లి దగ్గర ఉంటుంది. తల్లీ ఆయనా ఇప్పుడు కలిసి లేరు. ఏటా పాప ఒక కేకు బొమ్మ వేసి, ఆయనకెన్నేళ్లో అన్ని కొవ్వొత్తులు గీసి పంపుతుంది. ఈ ఏడాది కార్డులో కేకు మీద పట్టక కొవ్వొత్తులు పక్కకు కూడా పాకాయి. నేను వాటిని లెక్కపెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేది.

పాపను చూసి మూడేళ్లయిందట. క్లబ్బుతో ఒప్పందం ఉంటేనే అక్కడ ఉండనిస్తారు. ఒప్పందం అయిపోతే ఆ దేశం తలుపు వేసేసుకుంటుంది. ఇప్పుడు పాప ఉండే ఊరికి రైల్లో ఇరవై నిమిషాల దూరంలో మూడో డివిజన్ క్లబ్బొకటి అనుభవమున్న ఫార్వర్డ్ కోసం చూస్తోంది. ఒక్క సీజన్‌కే. ఏజెంట్ ఈయన పేరు చెప్పాడు. వాళ్లు ఈ మధ్య ఎలా ఆడుతున్నాడో చూడాలన్నారు.

"ఏజెంట్ ఇప్పుడు కటింగులు అడగడం లేదు. కంప్యూటర్‌లో ఏదైనా ఉంటే చూపిస్తానంటున్నాడు. నా గురించి కంప్యూటర్‌లో ఏమీ లేదు పేపర్. నువ్వు రాయి."

"గోల్స్ గురించి రాయనా?"

"ఇరవై నిమిషాల దూరం గురించి రాయకు. మిగతాది రాయి." చెంచా పక్కన పెట్టాడు. "బుధవారం మధ్యాహ్నాలు అక్కడ పిల్లలకు బడి ఉండదు. ఒక ఏడాదిలో ఎన్ని బుధవారాలో నువ్వే ఆలోచించుకో."

ఆ తర్వాత చిన్నప్పటి సంగతులు అడిగాను. ఆ సముద్రపు ఊరు, పడవల మీద ఆరబెట్టిన వలలు, చేపలు దించే చోట రాళ్లు ఏరి చేసుకున్న మైదానం, అన్నీ చెప్పాడు. మాటల్లో ఒక సంగతి వచ్చింది. వాళ్ల దేశంలో ఒకప్పుడు బళ్లన్నీ మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడిచేవట. ఒకరోజు పొద్దుటి నుంచీ అంతా కుడివైపు నడపాలని ప్రభుత్వం చెప్పింది. వాళ్ల మామ ఈయన్ను భుజాల మీద ఎక్కించుకుని రోడ్డు పక్కకు తీసుకెళ్లాడు, దేశమంతా పక్క మారడం చూడమని.

"భుజాల మీద ఎక్కానే గానీ అప్పటికే బరువున్నాను. తొమ్మిదేళ్లవాణ్ణి. మామ మెడ రెండు రోజులు పట్టేసింది." చాలాసేపు నవ్వాడు. "లారీ డ్రైవర్లు ముక్కు ఎటుందో తెలియనివాళ్లలా వెళ్తున్నారు."

నేను పుస్తకంలో రాసుకున్నాను. తొమ్మిదేళ్లు, బళ్లు కుడివైపు. తుఫాను వచ్చిన ఏడు దొరికినట్టే.

మర్నాడు యీషున్ లైబ్రరీకి వెళ్లాను. ఘనా గురించిన పుస్తకంలో ఆ సంగతి ఉంది. డెబ్భై నాలుగు, ఆగస్టు. కూడితే ముప్పై అయిదు వచ్చింది. క్లబ్బు మ్యాచ్‌లకు పంచే కరపత్రంలో మాత్రం ఆయన వయసు ముప్పై ఒకటని ఉంది. ఆ కరపత్రంలో అప్పటికే ఇద్దరు ఆటగాళ్ల పేర్లు తప్పు పడ్డాయి, గోల్‌కీపర్ ఎత్తు ఉండాల్సిన చోట బరువు అచ్చయింది. వయసు కూడా అలాంటి తప్పే అనుకున్నాను. అనుకోవడమే కాదు, పట్టుకున్నందుకు సంతోషించాను. చాలా కాలానికి మా డెస్కులో కూర్చున్నట్టు అనిపించింది.

వ్యాసం రాయడానికి మూడు రోజులు పట్టింది. ఊరికే పొగడలేదు. మోకాలి గురించి రాశాను, ఆ మోకాలితో ఆయన మైదానాన్ని ఎంత పొదుపుగా వాడుకుంటాడో రాశాను. బంతి ఎక్కడికి వస్తుందో ముందే అక్కడికి నడిచి వెళ్లి నిలబడే తెలివి గురించి రాశాను. లారీ డ్రైవర్ల సంగతి రాశాను. మొదటి వాక్యంలో ఆయన పేరు, పక్కన బ్రాకెట్లో ముప్పై అయిదు.

మా ఆవిడ ఇస్త్రీ చేసుకుంటూ, నేను చదువుతుంటే విన్నది.

"బాగుందండీ. లారీల సంగతి చాలా బాగుంది. వయసు ఆయన్నడిగారా?"

"అడగక్కర్లేదు. లెక్క సరిపోయింది."

"మీ పేపర్ వాళ్లతో వేగలేం బాబూ. అడిగితే నోరరుగుతుందా?"

"అడిగితే తగ్గించి చెబుతారు."

ఆవిడ చొక్కా మడిచి, "తగ్గించి చెబితే తగ్గించే రాయొచ్చుగా, పాపం" అంది. ఆడవాళ్లు వయసు విషయంలో అలాగే అంటారని నేను నవ్వేసి ఊరుకున్నాను.

సోమవారం పొద్దున వ్యాసం వెబ్‌సైట్‌లో వచ్చింది. ఆయన ఆ సాయంత్రమే ఇంటర్నెట్ దుకాణానికి వెళ్లి, సగం దాకా చదివి, టైమైపోతోందని అక్కణ్ణుంచే ఏజెంట్‌కు లింకు పంపాడు. మొదటి వాక్యంలో అంకె చూడలేదా అని తర్వాత అడిగితే, "నా పేరు చూసుకుంటున్నాను" అన్నాడు.

గురువారం మా బ్లాక్ కింద, తపాలా పెట్టెల పక్కన రాతి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను ఆఫీసు నుంచి వస్తున్నాను. ప్రాక్టీసుకు వెళ్లాల్సిన సమయం. బూట్లు పక్కన పెట్టుకున్నాడు, వేసుకోలేదు.

"పేపర్, నాకు ముప్పై అయిదని నీకెవరు చెప్పారు?"

"మీరే. బళ్లు పక్క మారినప్పుడు తొమ్మిదేళ్లన్నారు."

"అవును, చెప్పాను" అన్నాడు. "మా మామ మెడ."

అప్పుడు చెప్పాడు. వాళ్ల ఊళ్లో పుట్టుకలు ఎవరూ రాయించేవారు కాదు. పిల్లల జట్టుకు మొదటిసారి ఆడేటప్పుడు కాగితం కావలసివస్తే కోచ్ ఒకాయన ఒక తేదీ వేశాడు. పోటీకి సరిపోయే తేదీ. ఆ తేదీయే పాస్‌పోర్టులోకి, ఒప్పందాల్లోకి, ఆఖరికి పాప కార్డుల్లోకి వెళ్లింది. బెల్జియం క్లబ్బు ముప్పై రెండు దాటినవాళ్లు వద్దని మొదటే చెప్పింది. ఏజెంట్ వ్యాసం ప్రింటు తీసి, తను చదవకుండానే, వాళ్లకు ఫ్యాక్స్ చేశాడు. క్లబ్బులో మాత్రం చదివారు.

"నువ్వు అబద్ధం రాయలేదు. రాసుంటే నిన్ను తిట్టడం తేలికయ్యేది."

నేను మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. మా ఎడిటర్ ఇక్కడే పుట్టిన తమిళాయన. సంగతి విని, ఇక్కడి యాసలో, "చేంజ్ లా. ఒక నిమిషం పని. ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. నిజంగానే ఒక నిమిషమే పట్టింది. అయిదు చెరిపి ఒకటి పెట్టాను. పేపర్లో అయితే మర్నాడు నాలుగో పేజీలో, ప్రకటనల కింద, చిన్న అక్షరాల్లో సవరణ వేసేవాళ్లం. పన్నెండేళ్లలో నేను రాసిన సవరణలన్నీ తప్పును ఒప్పు చేసినవే. ఇదొక్కటే అటునుంచి ఇటు. ఏజెంట్‌కు కూడా ఉత్తరం రాశాను. వయసు నా పొరపాటని, ఆటగాడికి దాంతో ఏ సంబంధమూ లేదని, సంతకం పెట్టి పంపాను. క్లబ్బు ఇంకొకరిని చూసుకుందని మూడో రోజు జవాబు వచ్చింది. నన్ను నమ్మారో లేదో అందులో లేదు.

ఆదివారం మ్యాచ్‌లో నిజామాబాద్ తమ్ముడు నా పక్కన కూర్చోలేదు. రెండు వరసలు కింద కూర్చున్నాడు. ఆయన ద్వారానో, జట్టు ద్వారానో సంగతి తెలిసినట్టుంది. విరామంలో నేనే వెళ్లి కూర్చున్నాను.

"సార్, ఒకటడుగుతా, కోపానికి రావద్దు. నీకెన్నేండ్లు?"

చెప్పాను.

"అది సర్టిఫికెట్ల ఉన్నదా, నువ్వు పుట్టిందా?"

నేను స్కోరు రాసుకునే పుస్తకం మూశాను.

"మా బడిల సారు క్లాసు మొత్తానికి జులై ఒకటి ఏసిండు. నలభై మందిమి ఒక్కనాడే పుట్టినం. మా అక్కా నేనూ ఒకటే క్లాసు, మేము గూడ కవలలమైనం. షిప్‌యార్డుల మా ఫోర్‌మన్ ఆ తారీఖు చూసి, మీ ఇండియన్లకు జులైల ఏమైతది అని అడుగుతడు." నవ్వించాలని అనలేదు. అతని ముఖంలో నవ్వు లేదు. "గివన్నీ నీకు ఎరికే గద సార్. నాలుగేండ్లు. రాయకుంటే నీ సొమ్మేం పోతుండె?"

నాకు ఎరికే. నా సర్టిఫికెట్లో కూడా జులై ఒకటే ఉంది, వయసు రెండేళ్లు తగ్గించి. ఉద్యోగంలో రెండేళ్లు ఎక్కువుంటాడని మా నాన్న వేయించారు. డెస్కులో వేలమంది వయసులు లెక్కగట్టాను గానీ, నా వయసు ఎవరడిగినా సర్టిఫికెట్‌లోదే చెప్పేవాణ్ణి. ఆ తమ్ముడికి కూడా అదే చెప్పాను, నలభై అని. అబద్ధం చెబుతున్నానని కూడా తట్టలేదు.

కింద మైదానంలో ఆయన ఒక్కడే బంతిని మోకాలి మీద ఆడిస్తున్నాడు. ఆ రోజు మ్యాచ్‌లో గోల్ కొట్టాడు. దాదాపు నడుస్తూ కొట్టాడు. తమ్ముడు లేచి, "అగో, సుట్టమొచ్చింది చూడు" అన్నాడు, గొంతు పెంచకుండా.

సీజన్ అయిపోయింది. ఇక్కడి క్లబ్బు ఒప్పందాన్ని పొడిగించలేదు. వియత్నాంలో ఒక క్లబ్బు రమ్మన్నదని, వెళ్తున్నానని ఫోన్ చేశాడు. వెళ్లే ముందు ఆఫీసుకు వస్తానన్నాడు. నేను ఆ రోజంతా ఏం మాట్లాడాలో సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను. మధ్యాహ్నం వచ్చాడు, చంకలో ఫైలుతో.

"నువ్వు రాసింది ప్రింటు తీసి ఇస్తావా?"

తెరిచి చూపించాను. మొదటి వాక్యం చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాదు. మొదట రాసింది."

"ఎందుకు?"

"క్లబ్బులకు కాదు. పాపకు పంపాలి." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అక్కడికి వెళ్లి ఎదురుగా చెప్పాలనుకున్నాను. ఒక బుధవారం, ఐస్‌క్రీం తింటూ. నీకు ఎనిమిదేళ్లు, నాకు ఇన్నేళ్లు, నువ్వు నాలుగు కొవ్వొత్తులు తక్కువ గీస్తున్నావు అని. ఇప్పుడెలాగూ వెళ్లడం లేదు. ఉత్తరంలో రాద్దామంటే నా చేతికి రావడం లేదు. నువ్వు బాగా రాశావు. మామ భుజాలు, లారీలు, అన్నీ ఉన్నాయి. వాళ్లమ్మ చదివి చెబుతుంది."

పాత ప్రతి నా కంప్యూటర్‌లో ఉంది. పారేయలేదు. డెస్కులో పనిచేసినవాడు మొదటి ప్రతి పారేయడు. రెండు పేజీలు ప్రింటు తీసి ఇచ్చాను. వేడిగా ఉన్న కాగితాన్ని అరచేతి మీద పెట్టుకుని, బ్రాకెట్లో అంకె దగ్గర వేలు పెట్టి కొంచెంసేపు చూశాడు.

"అచ్చులో ఇదే మొదటిసారి చూడటం" అన్నాడు.

నేను మడిచి కవరులో పెట్టబోతే వద్దన్నాడు. ఫైలు తెరిచి, కటింగులన్నీ దాటి, అడుగున కార్డులున్న ప్లాస్టిక్ కవరులో వాటితో పాటు పెట్టాడు. సాగే దారం బిగించి, లేచాడు.

"నీకెన్నేళ్లు పేపర్?"

"నలభై రెండు" అన్నాను. ఈ దేశంలో ఆ అంకె నేను పైకి అనడం అదే మొదటిసారి. మా ఆవిడతో కూడా ఎప్పుడూ అనలేదు.

"అంతకంటే తక్కువ కనిపిస్తావు" అని, నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఏడాది తిరక్కుండానే మా కంపెనీ మూతపడింది. ఆ రోజుల్లో అలాంటి కంపెనీలన్నీ అలాగే పోయాయి. వెబ్‌సైట్ పోయింది, వ్యాసం రెండు ప్రతులూ పోయాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఆయన పేరు వెతికితే రెండు మూడు చోట్ల క్లబ్బుల జాబితా కనిపిస్తుంది. అన్నింటిలోనూ కోచ్ వేసిన తేదీయే ఉంది. సరైన లెక్క ఉన్న కాగితం ఒక్కటే మిగిలి ఉండాలి, బెల్జియంలో ఎవరింట్లోనో. అది చేరిందో లేదో నాకు తెలియదు. ఆయన పుట్టినరోజని కాగితాల్లో ఉన్న తేదీ వచ్చినప్పుడు మాత్రం, ఈసారి పాప ఎన్ని గీసిందో అనుకుంటాను. ఆ పాపకు ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. అది నేను లెక్కగట్టిందే.